టెంపుల్ మాస్టారి అమ్మాయిలు

గీతలు గీయని మట్టి ట్రాక్. ఇరుకు బడ్జెట్. హోటల్లోకి రానివ్వని ఊళ్లు. వాటి మధ్య నుంచే ఎడ్ టెంపుల్ 40 మంది అమ్మాయిల్ని ఒలింపిక్స్‌కు పంపారు.

రోమ్, టోక్యో, మెక్సికో సిటీ. 1960 నుంచి 1968 దాకా జరిగిన ఈ మూడు ఒలింపిక్స్‌లో అమెరికా మహిళలు అథ్లెటిక్స్‌లో గెలిచిన బంగారు పతకాలు ఎనిమిది. నాష్‌విల్‌లోని ఒక నల్లజాతి కాలేజీ అమ్మాయి పరుగెత్తకుండా ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ రాలేదు. కొన్ని ఒంటరిగా తెచ్చారు, ఒకటి నలుగురూ కలిసి తెచ్చారు, మరో రిలేలో చివరి అంచె పరుగెత్తి తెచ్చారు. పెద్ద స్టేడియాలు, బోలెడంత డబ్బు ఉన్న విశ్వవిద్యాలయాలు ఆ దేశం నిండా ఉన్నాయి. ఆడపిల్లలకు పరుగు నేర్పాలన్న ఆలోచన వాటిలో చాలావాటికి అప్పటికి తట్టనే లేదు. తట్టిన చోట సరైన ట్రాక్ లేదు.

ఆ చోటు టెన్నెసీ స్టేట్. అక్కడ కోచ్ ఎడ్వర్డ్ స్టాన్లీ టెంపుల్. 1994లో రిటైరయ్యే నాటికి నాలుగు దశాబ్దాలకు పైగా ఒకే కాలేజీలో, ఒకే పని చేశారు. ఆయన దగ్గర తయారైన ఒలింపియన్లు 40 మంది. వాళ్లు తెచ్చిన పతకాలు 23. అందులో 13 బంగారు పతకాలు. జాతీయ టైటిళ్లు 34. ఏ కోచ్‌కైనా ఇవి చాలు. కానీ టెంపుల్ ఎక్కువ గర్వంగా చెప్పుకున్న లెక్క ఇంకొకటి ఉంది. ఆ 40 మందిలో 39 మంది డిగ్రీ పూర్తి చేశారు.

నా మటుకు నాకు ఆయన జీవితమంతా ఆ లెక్కలోనే ఉంది. పతకాలు ఎలా వచ్చాయో తెలియాలన్నా ముందు దాన్నే చూడాలి.

నెలకు 150 డాలర్లు, పోస్టాఫీసు పని అదనం

టెంపుల్ పుట్టింది 1927 సెప్టెంబరు 20న, పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో. హైస్కూల్లో మంచి ఆటగాడు. టెన్నెసీకి వచ్చింది కూడా పరుగెత్తడానికే. 1950లో డిగ్రీ చేతికొచ్చింది. పై చదువు చదవాలని ఉంది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు కాలేజీ ప్రెసిడెంట్ వాల్టర్ డేవిస్ ఒక దారి చూపించారు. అమ్మాయిల పరుగు జట్టును చూసుకోవాలి, కాలేజీ పోస్టాఫీసు నడపాలి, అలా చేస్తూ మాస్టర్స్ చదువుకోవచ్చు. జీతం నెలకు 150 డాలర్లు. టెంపుల్‌కు అప్పటికి 22 ఏళ్లు. జట్టులో పరుగెత్తే పిల్లలకూ ఆయనకూ వయసులో పెద్ద తేడా లేదు.

మన ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆటలు ఆడిస్తూ, బెల్లు కొట్టిస్తూ, రాని మాస్టారి క్లాసు కూడా చూసుకుంటూ ఉంటారే, టెంపుల్ ఉద్యోగం దాదాపు అలాంటిదే. పొద్దున ఉత్తరాలు, తర్వాత సోషియాలజీ పాఠాలు, సాయంత్రం ట్రాక్. పిల్లల యూనిఫాంలు ఉతకడం, వాళ్ల మంచిచెడ్డలు చూడడం ఆయన భార్య చార్లీ బి. టెంపుల్ తలకెత్తుకున్నారు. ఆ పనికి ఆమెకు జీతం ఎవరూ ఇవ్వలేదు. టెంపుల్ కథ చెప్పేవాళ్లు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. ఆమె లేకపోతే ఆ జట్టు అన్నేళ్లు నిలబడేది కాదని నా నమ్మకం.

ఆ రోజుల్లో అమెరికాలో ఆడవాళ్ల పరుగును బతికించడంలో నల్లజాతి కాలేజీలది పెద్ద పాత్ర. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు 800 మీటర్ల పందెం పెట్టి, ఆడవాళ్లు తట్టుకోలేరని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లోనే. పరుగెత్తితే ఆడతనం పోతుందన్న మాట తెల్లవారి కాలేజీల్లో గట్టిగా నడిచేది. అలబామాలోని టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌లో క్లీవ్‌లండ్ ఆబట్ అనే కోచ్ ఆ మాట పట్టించుకోకుండా అమ్మాయిల జట్టు పెట్టారు. 1948లో లండన్‌లో హైజంప్ గెలిచి ఒలింపిక్ బంగారం అందుకున్న తొలి నల్లజాతి మహిళ అలిస్ కోచ్‌మన్ ఆ బాటలో వచ్చిందే. నాష్‌విల్‌లో అమ్మాయిల జట్టుకు తొలినాళ్లలో శిక్షణ ఇచ్చింది ఆబట్ గారి అమ్మాయి జెస్సీ. టెంపుల్ అందుకున్నది ఆ వారసత్వాన్ని.

రోడ్డు మీద

అప్పట్లో అమ్మాయిలకు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ లేదు. టెంపుల్ పిల్లలకు దొరికింది ‘వర్క్ ఎయిడ్’. రోజుకు రెండు గంటలు కాలేజీలో ఏదో ఒక పని చేస్తే చదువు ఖర్చులో సాయం అందేది. తరగతులు, పని, ప్రాక్టీసు, మళ్లీ పుస్తకాలు. ఒలింపిక్ పతకం మెడలో వేసుకుని తిరిగొచ్చిన అమ్మాయి కూడా ఆ రెండు గంటల పనికి వెళ్లాల్సిందే.

పోటీలకు ప్రయాణం కార్లలో, స్టేషన్ వ్యాగన్లో. దక్షిణాది రాష్ట్రాల గుండా నల్లజాతి అమ్మాయిలతో వందల మైళ్లు వెళ్లడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. దారిలో ఏ హోటల్లోనూ కూర్చోబెట్టి అన్నం పెట్టరు. పెట్రోలు పోస్తారు గానీ పక్కనే ఉన్న టాయిలెట్ తాళం ఇవ్వరు. అందుకే బయల్దేరే ముందే శాండ్‌విచ్‌లు, కోడి వేపుడు మూటలు కట్టుకునేవాళ్లు. అవసరమైతే రోడ్డు పక్క పొలాల్లోకి వెళ్లేవాళ్లు. పోటీ జరిగే ఊరు దగ్గర పడుతుండగా దుస్తులు సర్దుకుని, తల దువ్వుకుని దిగేవాళ్లు. జుట్టు చెదిరి, బట్టలు నలిగి తన పిల్లలు ఫొటోగ్రాఫర్ల ముందుకు రావడానికి టెంపుల్ ఒప్పుకునేవారు కాదు. పరుగెత్తే ఆడపిల్ల మొరటుగా ఉంటుందని రాసే పత్రికలకు ఆ అవకాశమే ఇవ్వకూడదన్నది ఆయన పట్టుదల.

ఆయన నియమాలు కఠినమైనవి. అబ్బాయిల కార్లు ఎక్కకూడదు. చదువులో వెనకబడితే జట్టులో చోటు లేదు. ప్రాక్టీసుకు ఆలస్యమైతే ఎన్ని నిమిషాలు ఆలస్యమో అన్ని రౌండ్లు అదనంగా పరుగెత్తాలి. ఒకసారి విల్మా రుడాల్ఫ్ అనే అమ్మాయి నిద్ర లేవక అరగంట ఆలస్యంగా వచ్చింది. 30 రౌండ్లు పరుగెత్తించారు. మర్నాడు ప్రాక్టీసు మొదలవడానికి అరగంట ముందే ఆమె ట్రాక్ మీద కూర్చుని ఉంది.

ఈ నియమాల్లో కొన్ని ఇవాళ నాకు మింగుడుపడవు. అదే కాలేజీలో అబ్బాయిల జట్టు మీద ఇన్ని కళ్లు ఉండేవని అనుకోను. అయితే టెంపుల్ ఎటు చూసి భయపడ్డారో కూడా తెలుస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్క అమ్మాయి మీద ఒక్క మాట వచ్చినా, ఆ పేరుతో జట్టునే ఎత్తేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామంది. ఎత్తేస్తే ఆ అమ్మాయిలకు వెళ్లడానికి మరో చోటు దాదాపు లేదు.

అవసరమైనప్పుడు నియమాన్ని పక్కన పెట్టే మనసూ ఆయనకుంది. తల్లయిన అమ్మాయికి జట్టులో చోటు ఉండేది కాదు. 1958లో విల్మా హైస్కూలు ముగిసేనాటికి గర్భవతి. బిడ్డ పుట్టాక ఆమె నాష్‌విల్ వచ్చింది, టెంపుల్ చేర్చుకున్నారు. ఆ రోజు ఆయన నియమానికే కట్టుబడి ఉంటే రెండేళ్ల తర్వాత రోమ్‌లో జరిగినదేదీ జరిగేది కాదు.

విల్మా

విల్మా కథ చాలామందికి తెలుసు. 22 మంది పిల్లల్లో 20వది. నెలలు నిండకుండా పుట్టింది. చిన్నప్పుడే పోలియో. ఎడమ కాలికి బ్రేసు. వారం వారం తల్లి ఆమెను క్లార్క్స్‌విల్ నుంచి 50 మైళ్లు బస్సులో నాష్‌విల్‌లోని నల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఇంట్లో అక్కలూ అన్నలూ వంతులేసుకుని ఆ కాలికి మర్దనా చేసేవాళ్లు. పన్నెండేళ్లు వచ్చేసరికి బ్రేసు అవసరం పోయింది.

ఆమెను టెంపుల్ మొదట చూసింది ట్రాక్ మీద కాదు, బాస్కెట్‌బాల్ కోర్టులో. హైస్కూళ్ల మధ్య జరిగే మ్యాచ్‌లకు ఆయన రెఫరీగా వెళ్లేవారు. అక్కడ పొడుగు కాళ్ల పిల్ల ఒకతె బంతి కోసం ఎలా పరుగెత్తుతోందో చూసి, వేసవి శిక్షణకు పిలిచారు. అదే ఆయన పద్ధతి. హైస్కూలు పిల్లల్ని వేసవిలో నాష్‌విల్ రప్పించి, రోజుకు మూడుసార్లు పరుగెత్తించేవారు. అప్పటికే ఒలింపిక్స్ చూసొచ్చిన పెద్దమ్మాయిలు కూడా అదే ట్రాక్ మీద ఉండేవాళ్లు. కోచ్ చెప్పేది సగం, అక్కలు నేర్పేది సగం.

ఆ అక్కల్లో మొదటిది మే ఫాగ్స్. న్యూయార్క్ నుంచి వచ్చిన పొట్టి అమ్మాయి. మూడు ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. 1956 ఎంపిక పోటీల్లో 16 ఏళ్ల విల్మా బెదిరిపోతుంటే, నేను ఏం చేస్తే అది చెయ్యి, నన్ను వదలకు అని చెప్పి పక్కనే పరుగెత్తించింది. ఇద్దరూ మెల్‌బోర్న్ వెళ్లారు. అక్కడ 4x100 రిలేలో అమెరికాకు కాంస్యం వచ్చింది. ఆ నలుగురూ, మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, విల్మా, ఇసబెల్ డేనియల్స్, ఒకే కాలేజీ పిల్లలు. ఒక దేశం జట్టుకూ ఒక చిన్న కాలేజీ జట్టుకూ తేడా లేకుండా పోయింది.

నాలుగేళ్ల తర్వాత రోమ్. అమెరికా మహిళల అథ్లెటిక్స్ జట్టుకు టెంపుల్ హెడ్ కోచ్. 1958లో మాస్కోలో సోవియట్ జట్టుతో జరిగిన పోటీకీ ఆయనే కోచ్. రోమ్‌కు ముందు జులైలో విల్మా 200 మీటర్లను 22.9 సెకన్లలో ముగించింది. 23 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి మహిళ ఆమే. రోమ్ చేరాక, 100 మీటర్ల పందేలకు ఒక్కరోజు ముందు, ప్రాక్టీసు మైదానంలో చిన్న గుంటలో కాలు పడి చీలమండ బెణికింది. వాచిన కాలికి కట్టు కట్టించారు. ఆ కాలితోనే 100 మీటర్ల ఫైనల్‌ను 11 సెకన్లలో గెలిచింది. గాలి సాయం పరిమితి మించిందని దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 200 కూడా గెలిచింది.

ఇక రిలేలో వచ్చిన మూడో పతకం దగ్గర కాసేపు ఆగాలి. టెంపుల్ ఏమిటో తెలిసేది అక్కడే. 4x100 రిలేలో గెలుపోటములు కాళ్లకంటే చేతుల మీద ఎక్కువ ఆధారపడతాయి. ఒక అమ్మాయి పూర్తి వేగంతో వస్తుంటుంది. ముందున్న అమ్మాయి వెనక్కి చూడకుండా పరుగు అందుకోవాలి. అప్పటి నిబంధన ప్రకారం 20 మీటర్ల హద్దులోపల బ్యాటన్ చేతులు మారాలి. అడుగు ముందు కదిలితే అందదు, అడుగు ఆలస్యమైతే ఇద్దరూ గుద్దుకుంటారు. నలుగురు మేటి ఆటగత్తెల్ని నాలుగు ఊళ్ల నుంచి తెచ్చి నాలుగు వారాల్లో నేర్పగలిగే విద్య కాదిది. ఒకరి అడుగుల చప్పుడు ఒకరికి ఒంటబట్టాలి. మార్తా హడ్సన్, బార్బరా జోన్స్, లూసిండా విలియమ్స్, విల్మా. నలుగురూ టెంపుల్ పిల్లలే, నలుగురిదీ ఆ మట్టి ట్రాకే. సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టారు. ఫైనల్లో లూసిండా నుంచి విల్మాకు బ్యాటన్ మారే చోట తడబాటు. జారిపోబోయింది. విల్మా వేగం తగ్గించుకుని దాన్ని గట్టిగా పట్టుకుని, అప్పటికే ముందుకెళ్లిపోయిన జర్మనీ అమ్మాయి యుట్టా హైనె వెంటపడి దాటేసింది. 44.5 సెకన్లు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు పరుగు బంగారాలు గెలిచిన తొలి అమెరికా మహిళ అయింది.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో టెంపుల్ పనిచేసే కాలేజీ విద్యార్థులు, పక్కనే ఉన్న ఫిస్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి నాష్‌విల్ దుకాణాల్లో తెల్లవాళ్లకే ప్రత్యేకించిన భోజన కౌంటర్ల దగ్గర కూర్చున్నారు. తన్నులు తిన్నారు, జైలుకు పోయారు. మే నెలలో ఆ కౌంటర్లు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది బస్సుల్లో రంగు భేదాన్ని ధిక్కరిస్తూ సాగిన ఫ్రీడమ్ రైడ్స్‌లో పాల్గొన్నందుకు అదే కాలేజీ నుంచి 14 మందిని తీసేశారు. రాష్ట్ర ప్రభుత్వం పెట్టే డబ్బుతో నడిచే కాలేజీ అది. ఆ నేల మీద ఒక కోచ్ ఎంత ఆచితూచి అడుగేయాలో చెప్పనక్కర్లేదు. విల్మా మాత్రం సొంత ఊళ్లో తన మాట నెగ్గించుకుంది. క్లార్క్స్‌విల్ ఆమెకు ఊరేగింపు చేస్తానంటే, నల్లవాళ్లు వేరు, తెల్లవాళ్లు వేరు అయితే రానంది. 1960 అక్టోబరు 4న జరిగిన ఆ ఊరేగింపులో ఆ ఊరి జనం మొదటిసారి రంగు భేదం లేకుండా కలిశారు.

ఒకే జట్టు, రెండు పతకాలు

విల్మా తర్వాత ఎవరన్న ప్రశ్న రాకముందే టెంపుల్ దగ్గర జవాబు ఉంది. జార్జియాలోని గ్రిఫిన్‌లో పాల డెయిరీలో పనిచేసే తండ్రి, బట్టలు ఉతికే దుకాణంలో పనిచేసే తల్లి. వాళ్ల నలుగురు బిడ్డల్లో ఒకే ఒక్క ఆడపిల్ల వయోమియా టైయస్. ఆమెకు 15 ఏళ్లప్పుడు తండ్రి పోయాడు. అప్పటి నుంచి నోరు విప్పి మాట్లాడడమే తగ్గించిందని తర్వాత ఆమే చెప్పుకుంది. హైస్కూళ్ల రాష్ట్ర పోటీల్లో చూసిన టెంపుల్ ఆమెను వేసవి శిక్షణకు పిలిచారు.

1964 టోక్యో ఒలింపిక్స్ జట్టుకూ టెంపులే హెడ్ కోచ్. 100 మీటర్లలో ఆయన ఇద్దరు శిష్యురాళ్లు. ఈడిత్ మెక్‌గ్వైర్ అప్పటికే పేరున్న పరుగుల రాణి. టైయస్‌కు 19 ఏళ్లు, అనుభవం కోసం వచ్చిన పిల్ల. టెంపుల్ లెక్కలో ఆమె వంతు 1968. ఆమె ఆ లెక్క తప్పించేసింది. ప్రిలిమినరీల్లోనే విల్మా ప్రపంచ రికార్డును సమం చేసి, ఫైనల్లో 11.4 సెకన్లతో బంగారం అందుకుంది. ఈడిత్‌కు రజతం. తర్వాత 200లో ఈడిత్ బంగారం గెలిచింది. వాళ్లిద్దరూ జీవితమంతా స్నేహితులుగానే ఉన్నారు. ఒకరి మీద ఒకరు పోటీ పడే పిల్లల్ని ఒకే ఇంటివాళ్లలా ఉంచడం ఏ కోచింగ్ పుస్తకమూ నేర్పదు. అన్ని పతకాల కంటే నాకు ఇదే కష్టమైన పనిగా కనిపిస్తుంది.

1968లో టైయస్ మళ్లీ గెలిచింది. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బంగారం గెలవడం అప్పటికి మగవాళ్లలోగానీ ఆడవాళ్లలోగానీ ఎవరూ చేయని పని. 800 మీటర్లలో మరో టెంపుల్ శిష్యురాలు మ్యాడలీన్ మ్యానింగ్ గెలిచింది. ఆడవాళ్లు తట్టుకోలేరని 32 ఏళ్లపాటు పక్కన పెట్టిన పందెం అదే. టైయస్ చివరి అంచె పరుగెత్తిన రిలే జట్టు ప్రపంచ రికార్డుతో గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో జాతి వివక్షకు నిరసనగా పతక వేదిక మీద పిడికిళ్లు ఎత్తినందుకు ఇంటికి పంపేసిన టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లకు ఆమె ఆ పతకాన్ని అంకితమిచ్చింది. ఆ మాటకు పత్రికలు పెద్దగా చోటివ్వలేదు.

చట్టం వచ్చాక

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా చదువులోగానీ ఆటల్లోగానీ ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదు. పెద్ద విశ్వవిద్యాలయాలు అమ్మాయిలకు స్కాలర్‌షిప్‌లు, మంచి ట్రాక్‌లు, విమాన ప్రయాణాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. లూసియానాలో పుట్టిన స్ప్రింటర్ ఎవెలిన్ ఆష్‌ఫర్డ్ లాంటి అమ్మాయి పదిహేనేళ్లు ముందు పుట్టి ఉంటే నాష్‌విల్ బస్సు ఎక్కేదేమో. ఆమె లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో చేరింది. ఏ తలుపు కోసం టెంపుల్ పాతికేళ్లుగా కష్టపడ్డారో, ఆ తలుపు తెరుచుకోగానే ఆయన దగ్గరికి రావాల్సిన పిల్లలు అటు నడిచారు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. చట్టం రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. కానీ గతిలేని రోజుల్లో ఆ పని నెత్తినేసుకున్న చిన్న కాలేజీకి చరిత్ర కాస్త వడ్డీతో తిరిగిచ్చి ఉండాల్సిందని నాకనిపిస్తుంది. ఆయన పేరు పెట్టిన సరైన ట్రాక్ కాలేజీలో వెలిసింది 1978లో. అప్పటికే ఆయన శిష్యురాళ్లు ఆ కాలేజీకి ప్రపంచమంతా పేరు తెచ్చేశారు.

అయినా పిల్లలు రావడం పూర్తిగా ఆగలేదు. ఫ్లోరిడా నుంచి వచ్చిన షాండ్రా చీజ్‌బరో 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో రజతం, రెండు రిలేల్లోనూ బంగారం గెలిచింది. 4x100లో మూడో అంచె ఆమెది. ఆమె బ్యాటన్ అందించింది ఎవెలిన్ ఆష్‌ఫర్డ్‌కే.

టెంపుల్ 1994లో రిటైరయ్యారు. 2012లో అమెరికా ఒలింపిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2015లో నాష్‌విల్ బేస్‌బాల్ స్టేడియం దగ్గర విగ్రహం పెడితే, ఆవిష్కరణకు ఆయన స్వయంగా వచ్చారు. 2016 సెప్టెంబరు 22న, 89 ఏళ్లు నిండిన రెండు రోజులకు, నాష్‌విల్‌లోనే కన్నుమూశారు.

ఆట తలుపు తెరుస్తుంది, అది మూసుకుపోకుండా పట్టుకునేది చదువు అని ఆయన పిల్లలకు చెప్తూ ఉండేవారు. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో చూస్తే ఆ మాటను వాళ్లెంత గట్టిగా తీసుకున్నారో తెలుస్తుంది. మే ఫాగ్స్ ఒహాయోలో టీచర్ అయింది. లూసిండా విలియమ్స్ కూడా ఒహాయోలోనే, డేటన్‌లో. మార్తా హడ్సన్, ఇసబెల్ డేనియల్స్ జార్జియా బడుల్లో పాఠాలు చెప్పారు. విల్మా కొంతకాలం సొంత ఊళ్లో టీచర్‌గా, కోచ్‌గా పనిచేసి, పేదపిల్లలకు ఆటలు నేర్పే సంస్థ పెట్టింది. టైయస్ ఇతర క్రీడాకారిణులతో కలిసి విమెన్స్ స్పోర్ట్స్ ఫౌండేషన్ స్థాపనలో పాలుపంచుకుంది, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో బడిపిల్లలను అడవుల్లోకి తీసుకెళ్లి ప్రకృతి పాఠాలు చెప్పింది. టెన్నెసీ స్టేట్‌లో టెంపుల్ వదిలిన కోచ్ ఉద్యోగంలో షాండ్రా చీజ్‌బరో చేరింది.